కుడి అంచున తెగిన దువాలు

షబే బరాత్ వెళ్లిన నాలుగో రోజు అమ్మీ ఊరి నుంచి ఫోన్ చేసింది. “బేటా, నువ్వు నెట్‌లో పెట్టిన దువాలు కాగితాల మీద తీసి పంపు. ఇరవై జతలు కావాలి. రంజాన్ చాంద్ కనిపించే లోపల పిల్లలకు నేర్పించాలి” అంది.

మా అమ్మీ అసర్ నమాజ్ తర్వాత మొహల్లా ఆడపిల్లలకు దీనీ పాఠాలు చెప్తుంది. వాళ్లంతా తెలుగు మీడియం పిల్లలు. అరబీ కూడబలుక్కుని చదువుతారు, తెలుగులో రాసిస్తే గడగడా చదివేస్తారు. ఫోన్ ఇంటికి ఒకటే, అది కూడా అబ్బా జేబులో ఉంటుంది. అందుకే కాగితం కావాలి.

ఆ దువాలను నేను మూడు కాలమ్‌ల పట్టికగా పెట్టాను. కుడివైపు అరబీ, మధ్యలో తెలుగు లిపిలో ఉచ్చారణ, ఎడమవైపు మతలబ్. కంప్యూటర్ మీద చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కంట్రోల్ పట్టుకుని పీ నొక్కితే పనైపోతుందనుకున్నా. ఇషా నమాజ్ చదివొచ్చి, ఇరవై జతలని నంబర్ కొట్టేసి, చాయ్ పెట్టుకోవడానికి వంటింట్లోకి పోయా.

తిరిగొచ్చి చూస్తే దిల్ ఝల్లుమంది. అరబీ కాలమ్ సగానికి తెగిపోయింది. తెలుగు పేజీకి కుడి అంచు తెగితే పోయేది పంక్తుల చివర. అరబీ కుడి నుంచి మొదలవుతుంది కదా, అక్కడ తెగితే పోయేది మొదలే. ఒక్క దువాకూ తల లేదు. దానికి తోడు ప్రతి పేజీ పైన సైట్ పేరున్న పట్టీ వచ్చి కూర్చుని రెండేసి పంక్తులను కప్పేసింది. గబగబా ప్రింటర్ ఆపేశా. అప్పటికే ముప్ఫై నాలుగు కాగితాలు బయటికొచ్చాయి.

కరెంటు బిల్లో, రైలు టికెట్టో అయితే చింపి చెత్తబుట్టలో వేసేవాణ్ణి. వీటి మీద అల్లా పేరుంది. మా ఇంట్లో నేలమీద అరబీ అక్షరాలున్న కాగితం ముక్క కనిపిస్తే అమ్మీ తీసి, కళ్లకద్దుకుని, ఎత్తుగా ఉన్న గూట్లో పెట్టేది. వెనకవైపు తెల్లగా ఉంది కదా అని లెక్కలు రాసుకోవడానికి కూడా మనసొప్పలేదు. శుభ్రమైన గుడ్డసంచి తీసి అన్నీ అందులో సర్ది బీరువా పైన పెట్టా. మనలాంటి ఇళ్లల్లో తప్పు ప్రింటు అంటే కాగితం ఖర్చు ఒక్కటే కాదు, ఒక జిమ్మేదారీ కూడా మీద పడుతుంది.

రెండోసారి జాగ్రత్తగా ఉన్నాననుకున్నా. ప్రింట్ కిటికీలో ‘స్కేల్’ అని ఒకటుంటుంది, ఎన్ని శాతానికి కుదించాలో చెప్పేది. దాన్ని 55కి దించా. మూడు కాలమ్‌లూ పేజీలో పట్టేశాయి. షుకర్ అల్లా అనుకుంటూ ఒక్క కాగితం తీసి వీడియో కాల్‌లో అమ్మీకి చూపించా.

అమ్మీ కళ్లద్దాలు సర్దుకుంది. ఫోన్ దగ్గరికి లాక్కుంది. “ఇవి చీమలు పాకినట్టున్నాయి బేటా. జబర్ ఎక్కడ, జేర్ ఎక్కడ? నుక్తాలు కూడా ఆనట్లేదు” అంది.

నిజమే. బే, తే, సే అక్షరాలకు ఒంటి ఆకారం ఒకటే, తేడా అంతా నుక్తాల్లోనే. ఒకటి కింద, రెండు పైన, మూడు పైన. కుదిస్తే ముందు మాయమయ్యేవి అవే. విసుగొచ్చి, “అయితే అరబీ తీసేస్తా అమ్మీ. పిల్లలు ఎలాగూ తెలుగే చదువుతారుగా” అన్నా.

అమ్మీ కొంచెంసేపు ఖామోష్‌గా ఉంది. తర్వాత, “ఖాఫ్‌తో కల్బ్ అంటే ఏంటి?” అని అడిగింది.

“దిల్.”

“కాఫ్‌తో అంటే?”

“కుక్క.”

“తెలుగులో రెండూ ఒకేలా రాస్తావు కదా. మరి పిల్లలకు ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది? తెలుగు చూసి చదవనీ, అరబీ పక్కనే ఉండాలి. నేను వేలు పెట్టి ఆ హరఫ్ చూపిస్తాను. ఏదో ఒకరోజు వాళ్ల కళ్లు తెలుగు మీంచి అటు పోతాయి.”

నాకు జవాబు లేదు. సీన్, సాద్, సే మూడింటినీ ‘స’ అని ఒక్క గాటన కట్టేసింది నేనే. తెగిపోయిన ఆ కాలమ్ లేకపోతే పిల్లల చేతికి వెళ్లేది సగం దువానే.

ఆ రాత్రి తరావీ లేకపోయినా మేలుకునే ఉన్నా. గల్తీలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మీకూ అక్కరకొస్తాయని రాస్తున్నా.

మొదటిది కాగితం సైజు. ప్రింటర్లో ఉన్నది ఏ4, అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడుగు. సెట్టింగ్‌లో ఉన్నది అమెరికా వాళ్ల ‘లెటర్’, దాని వెడల్పు 216, పొడుగు 279. లేని ఆరు మిల్లీమీటర్లను ఉన్నట్టు లెక్కేసుకుని కూర్చుంది. అంచు మరీ ఇరుకుగా ఉంటే ఆ తేడాకే అక్షరాలు పోతాయి. మార్జిన్‌లు ‘ఏమీ వద్దు’ అని పెట్టినా ఇంతే, ఇళ్లల్లో ఉండే చాలా ప్రింటర్లు కాగితం చివరిదాకా సిరా వేయలేవు.

అసలు దొంగ రెండోది. ఫోన్‌లో చూసేవాళ్ల కోసం ఆ పట్టికను వేలితో పక్కకు జరుపుకునే పెట్టెలో పెట్టాను. తెర మీద జరుపుకుంటాం, కాగితాన్ని జరపలేం. పెట్టెలో కనిపించినంతే అచ్చవుతుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. బ్రౌజర్ లెక్కలో ఏ4 వెడల్పు దాదాపు 794 పిక్సెల్‌లు, అందులో మార్జిన్‌లు కూడా పోవాలి. నా పట్టిక 1100. ఎట్లా పడుతుంది?

మూడోది పైన కూర్చున్న పట్టీ. పేజీ ఎంత కిందికి జరిపినా తెర పైనే ఉండాలని దాన్ని కదలకుండా బిగించా. ప్రింటుకు వెళ్తే అలా బిగించింది ప్రతి పేజీ మీదా వచ్చి కూర్చుంటుంది. నాలుగోది, ఒక దువా ఒక పేజీ అడుగున మొదలై మతలబ్ తర్వాతి పేజీకి పోవడం.

సైట్ మనదే అయితే వీటికి మందు ఒకచోటే ఉంది. సీఎస్ఎస్‌లో ‘మీడియా ప్రింట్’ అని కాగితానికి మాత్రమే వర్తించే నియమాలు రాసుకోవచ్చు. అందులో పట్టీని దాచేశా, జరిగే పెట్టె తీసేశా, ఒక దువా రెండు పేజీలకు చీలకుండా ‘బ్రేక్ ఇన్‌సైడ్ అవాయిడ్’ అని రాశా. అన్నిటికన్నా ముఖ్యంగా మూడు కాలమ్‌ల జిద్దు వదిలేశా. పైన పెద్ద అక్షరాల్లో అరబీ, దాని కింద తెలుగు, ఆ కింద మతలబ్. కితాబులు చాలాకాలంగా చేస్తున్న పనే ఇది. పంక్తుల మధ్య ఎడం కూడా పెంచా, లేకపోతే పై పంక్తి జేర్, కింది పంక్తి జబర్ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి.

సైట్ మనది కాకపోతే వేరే దారులున్నాయి. కాగితాన్ని అడ్డంగా తిప్పి చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ వెడల్పుకు సరిపెట్టే ఎంపిక ఉంది, కొన్ని పేజీలకు పక్కనుండే సరంజామా తీసేసి ఇచ్చే సాదా రూపం కూడా దొరుకుతుంది. పైనా కిందా తేదీ, సైట్ అడ్రస్ రాకూడదంటే హెడర్లు, ఫుటర్ల దగ్గర టిక్ తీసేయండి. జిరాక్స్ షాపుకు లింక్ పంపకండి. అక్కడి కంప్యూటర్లో మన ఫాంట్ లేకపోతే నస్తాలీక్ కాస్తా ఇంకేదో అవుతుంది. పీడీఎఫ్‌గా సేవ్ చేసి పంపితే ఫాంట్ కూడా దాంతోపాటే వెళ్తుంది.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని, ప్రింట్ కిటికీలో కనిపించే నమూనాను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూడటం. తర్వాత ఒకే ఒక్క పేజీ తీయడం. తప్పులు వెతుక్కునే దశలో నేను దువాలు తీసేసి, వాటి చోట అల్లా పేరు లేని మామూలు ఉర్దూ మాటలు పెట్టి చూశా. అన్నీ కుదిరాకే దువాలు మళ్లీ పెట్టా.

పీడీఎఫ్ ఊరికి పంపా. జిరాక్స్ షాపు నుంచి ఇరవై జతలూ ఇంటికి తెప్పించుకుని, “జబర్, జేర్ అన్నీ ఆనుతున్నాయి బేటా” అని అమ్మీ ఫోన్ చేసింది. షుక్రియా అనలేదు, “ఆ సంచి మర్చిపోకు” అంది.

మర్చిపోలేదు. రంజాన్‌కు ముందు జుమ్మా రోజు ఊరెళ్లినప్పుడు వెంట తీసుకెళ్లా. ఖబరస్తాన్ గోడ వారగా, మనుషుల కాళ్లు పడని చోట, అబ్బా గుంట తవ్వాడు. ముప్ఫై ఐదు కాగితాలు. ముప్ఫై నాలుగు మొదటి రాత్రివి, చీమలు పాకింది ఒకటి. మట్టి కప్పి ఇంటికొచ్చేసరికి వరండాలో పిల్లలు చదువుతున్నారు. వెనక వరుసలో ఒక పిల్ల ‘కల్బ్’ దగ్గర ఆగింది. వేలు తెలుగు మీంచి పైకి జరిపి, అరబీ హరఫ్ మీద పెట్టి, అమ్మీ వైపు చూసింది.

“హా, అదే. గొంతులోంచి రావాలి” అంది అమ్మీ.