ఎడమవైపు డూప్!

సినిమాల్లో హీరోకి డూప్ ఉంటాడని మీకందరికీ తెలుసు. మేం ఓసారి కారుకే డూప్ పెట్టాం! మొత్తం కారుకి కాదు లెండి... దాని ముందు చక్రాన్ని మోసే ఓ ఇనప కడ్డీకి.

అది 1985. మద్రాసు కోడంబాకంలో ఉండేవాళ్ళం. నాన్నగారి దగ్గర 1951 నాటి మోరిస్ మైనర్ ఉండేది. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 'బేబీ హిందుస్థాన్' పేరుతో అమ్మిన బండి అదే. పాతకాలం కథలు తీసేవాళ్ళు దాన్ని షూటింగుకి అద్దెకి తీసుకునేవాళ్ళు. ఆ అద్దెతోనే నా కాలేజీ ఫీజు.

ఈ బండికి ముందువైపు చుట్టల స్ప్రింగులుండవు. దీన్ని రూపొందించిన అలెక్ ఇస్సిగోనిస్ వాటి బదులు కారు కింద పొడుగ్గా రెండు టార్షన్ బార్లు పెట్టాడు. చక్రం గతుకెక్కి పైకి లేస్తే బార్ మెలితిరుగుతుంది. ఆ మెలి విడుతూ చక్రాన్ని మళ్ళీ కిందికి నెడుతుంది. ఎడమ బార్ ఒక దిక్కుకి మెలితిరిగితే, కుడిది ఎదురు దిక్కుకి. అందుకే ఒకవైపు వాడింది రెండోవైపు వేయకూడదు.

షూటింగు రెండ్రోజులుందనగా ఎడమ బార్ విరిగింది! పుదుప్పేటలో పాత సామాన్ల కొట్లన్నీ తిరిగాను. దొరికింది ఒకే ఒక్కటి... అదీ కుడివైపుది.

"బిగుస్తుందా?" అన్నాను మెకానిక్‌తో.

"బిగించడానికి బిగుస్తుంది బాబూ. ఎన్నాళ్ళు మోస్తుందో నేను చెప్పలేను."

ఫీజు గడువు దగ్గరకొచ్చేసింది. వేయించేశాను. బండి ఎడమపక్క రెండు వేళ్ళంత కిందికి దిగింది. బార్ వెనక కొసని కాస్త తిప్పి బిగిస్తే ఎత్తు సరిపోయింది. పైకి చూస్తే ఏ లోపమూ లేదు. నాన్నగారికి చెప్పలేదు.

మహాబలిపురం వెళ్ళే రోడ్డుమీద షాట్. బండి వేగంగా వచ్చి మలుపు తిరగాలి. నడిపేది డూప్. ఆయన ముందుగా ఓ ఫర్లాంగు నడిపి చూసి, దిగి, తిన్నగా నా దగ్గరకొచ్చాడు.

"తమ్ముడూ, ఎడమపక్క ఏం వేశారు?"

"ఏం లేదన్నా" అన్నాను. గొంతు నాకే వినపడలేదు.

"కెమెరా కుడివైపు పెట్టారు. జనానికి ఎడమ చక్రం కనపడదు. నేను కూచునేది మాత్రం రెంటి మధ్యనే కదయ్యా!"

అంతే, ఉన్నదంతా చెప్పేశాను. మేనేజరుగారు పట్టరాని కోపంతో అరిచారు. చివరికి సీను మార్చారు. కారు చెట్టుకింద ఆగి ఉంటుంది, అంతే. మాకొచ్చింది సగం అద్దె.

ఇంటికెళ్ళి నాన్నగారి ముందు నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "ఫీజు అప్పుచేసైనా కట్టొచ్చురా. ఆ మనిషికేమన్నా అయితే ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాం?" అన్నారు.

వారం తిరక్కుండానే, ఇంటిముందు ఊరికే ఆగి ఉన్న కారు ఎడమపక్కకి మళ్ళీ కుంగింది. ఆ మలుపులో కుంగి ఉంటే?

ఆ సినిమా తర్వాత థియేటర్లో చూశాను. చెట్టుకింద కారు కనిపించింది. పక్కవాళ్ళెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం ఎడమ చక్రం వైపే చూస్తూ కూచున్నాను.