పది మాటలు, ఒక డిక్షనరీ

జేబులో స్మార్ట్‌ఫోన్ పెట్టుకుని స్పానిష్-ఇంగ్లీష్ ఎలక్ట్రానిక్ డిక్షనరీ ఒకటి విడిగా కొన్నానంటే మా టీములో అందరూ నన్ను అదోలా చూశారు. "ఇంకా నయం, పేజర్ కొనలేదు" అన్నాడు మా లీడ్. నవ్వితే నవ్వారు గానీ, దీని వెనక నాలుగు రోజుల వృథా శ్రమ, ఒకావిడ చెప్పిన సారీ ఉన్నాయి. ముందు ఆ సంగతి చెప్తాను.

మా క్లయింటు మెక్సికోలోని మాంటెరేలో. హైదరాబాదుకీ వాళ్ళకీ పదకొండున్నర గంటల తేడా. 2022లో మెక్సికోలో చాలాచోట్ల డేలైట్ సేవింగ్ ఎత్తేశారు కాబట్టి ఈ తేడా ఏడాది పొడుగునా ఒకటే. మాకు రాత్రి ఏడున్నరయితే వాళ్ళకి ఉదయం ఎనిమిది. కాల్స్ అన్నీ ఇంగ్లీషులోనే. సపోర్టు టికెట్లు మాత్రం వాళ్ళు హాయిగా స్పానిష్‌లో రాసుకుంటారు. అక్కడ ఆపరేషన్స్ చూసే ఆవిడ, మా అమ్మ వయసుంటుంది, ఒకరోజు రాసిన టికెట్ సారాంశం ఇది: రాత్రి నడిచే బ్యాచ్ జాబు "ఎవెంతువాల్మెంతే" ఫెయిలవుతోంది.

నేనప్పటికి ఆరు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఆ మాట చూడగానే "ఓస్, ఈవెంచువల్లీ" అనుకున్నా. టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అనువాదం బటన్ కూడా అదే చెప్పింది. ఈవెంచువల్లీ ఫెయిలవుతోందంటే ఏంటి? మొదట బాగానే నడిచి, నడవగా నడవగా చివరికి పడిపోతోందని. అంటే మెమరీ లీకే! ఇంకేం, నాలుగు రోజులు హీప్ డంపులు తీసుకుంటూ కూర్చున్నాను. లీకు లేదు, పాడూ లేదు.

ఐదోరోజు కాల్‌లో, వాళ్ళ మేనేజరు ముందే, "టికెట్లో మీరు రాసినదాన్ని బట్టే వెతికాం, అది తప్పుదారి పట్టించింది" అనేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడ మెల్లిగా చెప్పింది, "నేను రాసింది ఒక్కోసారి అని. రోజూ కాదు. అప్పుడప్పుడూ. సారీ, నేను ఇంకా స్పష్టంగా రాయాల్సింది."

స్పానిష్‌లో ఎవెంతువాల్మెంతే అంటే చివరికి అని కాదు. అనుకోకుండా, ఎప్పుడైనా, ఒక్కోసారి అని. మనకిది కొత్తేం కాదు. హిందీలో శిక్షా అంటే చదువు, మనకి శిక్ష అంటే దండన. వాళ్ళ ఉపన్యాస్ నవల, మన ఉపన్యాసం మైకు ముందు ఇచ్చేది. ఇంగ్లీషుకీ స్పానిష్‌కీ మధ్య కూడా అచ్చం ఇలాంటి జంటలు బోలెడు. సరే, అప్పుడప్పుడూ ఫెయిలవుతోందని తెలిశాక అసలు కారణం గంటలో దొరికింది. ఇంకో సిస్టమ్ నుంచి రావాల్సిన ఫైలు కొన్ని రాత్రులు ఆలస్యంగా వస్తోంది, అంతే.

బగ్గు పోయింది. ఆవిడ సారీ మాత్రం నన్ను వదల్లేదు. తన భాషలో తను సరిగ్గానే రాసింది. అర్థం చేసుకోలేనిది నేను. క్షమాపణ మాత్రం ఆవిడ చెప్పింది.

ఫోన్లో చూసుకోవచ్చుగా అంటారేమో. మాది బ్యాంకింగ్ ప్రాజెక్టు. ఓడీసీలోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, బయట లాకర్లో పెట్టాలి. లోపల ఇంటర్నెట్టూ లేదు. పుస్తకం ఒక్కటే అనుమతి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే 1980ల నాటి స్పానిష్-ఇంగ్లీష్ డిక్షనరీ ఒకటి దొరికింది. ఎంతో సంబరంగా "యావె", అంటే తాళంచెవి, కోసం వెతికాను. డబుల్ ఎల్‌తో మొదలయ్యే మాట కదా, ఎల్ ఐ మాటలు అయిపోయాక చూస్తే లేదు! అప్పట్లో సీహెచ్, డబుల్ ఎల్ రెండూ విడి అక్షరాలు. ఎల్ మాటలన్నీ అయిపోయాకే డబుల్ ఎల్ మొదలవుతుంది. 1994లో స్పానిష్ అకాడమీలన్నీ కలిసి ఆ వరుసని మార్చేశాయి, 2010లో వాటిని అక్షరమాల నుంచే తీసేశారు. మైఎస్‌క్యూఎల్‌లో స్పానిష్, స్పానిష్2 అని రెండు కొలేషన్లు ఎందుకున్నాయో నాకు ఆరోజు ఆబిడ్స్ పుస్తకం వల్ల తెలిసింది :)

మా అడ్మిన్ వాళ్ళని బతిమాలి మెయిల్ పెడితే నాలుగు షరతులతో ఒప్పుకున్నారు. కెమెరా ఉండకూడదు, వైఫై ఉండకూడదు, యూఎస్‌బీ ఉండకూడదు, మెమరీ కార్డు స్లాటు ఉండకూడదు. అంటే పాతకాలం చేతి డిక్షనరీయే కావాలి. ఇవి ఒకప్పుడు బాగా నడిచాయి. అమెరికాలో ఫ్రాంక్లిన్ కంపెనీ మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులతో చేసేది. కాసియో ఎక్స్‌వర్డ్‌లకి జపాన్‌లో పెద్ద మార్కెట్టు ఉండేది, కానీ అక్కడ అమ్మిన వాటిలో మెనూలన్నీ జపనీస్‌లో ఉంటాయి, మనకి దండగ. పైగా కాసియో కొత్త మోడళ్ళ అభివృద్ధి ఆపేస్తోందని 2025 మొదట్లో వార్తలొచ్చాయి. ఇక దిక్కు సెకండ్ హ్యాండే.

డాలస్‌లో ఉన్న మా బావకి చెప్పాను. ఒక పాత సామాన్ల షాపులో రెండు దొరికాయని వీడియో కాల్ చేశాడు.

"ఏరా, ఒకదాని డబ్బా మీద లక్షల్లో రాశాడు పదాలు. రెండోది దాన్లో సగం కూడా లేదు. మొదటిది తీసేసుకోనా?"

"ఆగు బావా, టెస్ట్ కేసులు ఉన్నాయి" అన్నాను.

అప్పటికే నేను ఆరు నెలల్లో బోల్తాపడ్డ మాటలు పది రాసి పెట్టుకున్నాను. బావ నవ్వాడు గానీ ఒక్కొక్కటీ ఓపిగ్గా రెండింట్లోనూ కొట్టి చూశాడు.

మొదటిది "ఫుయ్". నేను ఉన్నాను అని ఒక అర్థం, నేను వెళ్ళాను అని ఇంకో అర్థం. సేర్, ఈర్ అనే రెండు క్రియలకీ భూతకాలంలో ఇదే రూపం. లక్షల పదాల డిక్షనరీ ఆ మాటే లేదంది. రెండోది ఆ రెండు క్రియలూ చూపించింది. స్పానిష్ క్రియ ఒక్కోదానికి యాభైకి పైగా రూపాలు. మనకి పుస్తకంలో ఎదురయ్యేది ఆ రూపమే, నిఘంటువులో ఉండేది మూలరూపం. "రాలేదు" అన్న మాట పట్టుకుని తెలుగు నిఘంటువు తెరిచినవాడికి "వచ్చు" దగ్గర చూడమని ఎవరు చెప్తారు? డబ్బా మీద అంకె ఇది చెప్పదు.

రెండోది "అన్యో", ఏడాది. ఎన్ మీద ఆ వంకర గీత లేకపోతే "ఆనో" అవుతుంది. దాని అర్థం ఇక్కడ రాయలేను. నాకు 28 ఏళ్ళు అని ఒకసారి గీత లేకుండా టైపు చేశాను, అది చాలు. కాబట్టి కీబోర్డు మీద ఆ అక్షరం ఉందా, లేకపోతే రెండూ వేరువేరుగా చూపిస్తుందా అన్నది చూడాలి.

మూడోది "కొహేర్". స్పెయిన్‌లో వస్తువు తీసుకోడానికీ బస్సు పట్టుకోడానికీ నిక్షేపంగా వాడే మాట, మెక్సికోలో బూతు. పక్కన ప్రాంతం పేరు రాయని డిక్షనరీ మనల్ని ముంచేస్తుంది. నాలుగోది "ఆగ్వా", నీళ్ళు. ముందు పుంలింగపు "ఎల్" వస్తుంది గానీ మాట స్త్రీలింగం. ఆ గుర్తు ఉండాలి. ఐదోది "దామెలో", అది నాకివ్వు అని. మూడు మాటలు అతుక్కుని ఒకటైంది. దీని దగ్గర రెండూ చేతులెత్తేశాయి. ఆరోది, మీరు ఊహించిందే, ఎవెంతువాల్మెంతే. మొదటిది ఈవెంచువల్లీ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. రెండోది ఒక్కోసారి అన్న అర్థం ముందు ఇచ్చింది.

మిగతావన్నీ చెప్పి విసిగించను. పదికి ఏడు, రెండోదానికి. పెద్ద అంకె ఉన్నదానికి మూడు. బావ చిన్నదే కొని, తెలిసినవాళ్ళెవరో వస్తుంటే ఇచ్చి పంపాడు. వెలుగు తక్కువ, ప్లాస్టిక్ మీట ఒకటి గట్టిగా నొక్కాలి. మాట పలికి వినిపించేటప్పుడు జెడ్‌ని స్పెయిన్ వాళ్ళలా "థ" అనకుండా మెక్సికోలోలా "స" అంటుంది. నాకు కావలసింది అదే.

మీకు ఫోను అడ్డు లేకపోతే ఇది అక్కర్లేదు. స్పానిష్ అకాడమీ నిఘంటువు నెట్‌లో ఉచితంగానే ఉంది. కానీ యాపైనా, పుస్తకమైనా, ఈ ప్లాస్టిక్ డబ్బా అయినా, ఎంచుకునే పద్ధతి ఒకటే. అందులో ఎన్ని మాటలున్నాయని చూడకండి. మీరు తప్పుగా అర్థం చేసుకున్న మాటలు పది రాసుకుని అడగండి. తెలియని మాట వస్తే ఎలాగూ వెతుకుతాం. తెలుసనుకున్న మాటే కొంప ముంచేది.

ఆ మిగిలిన మూడు మాటల్లో ఒకటి "ఆఓరీతా". డిక్షనరీలో వెంటనే అని ఉంది. మెక్సికోలో మాత్రం అయిదు నిమిషాలా, సాయంత్రమా, ఎప్పటికీ కాదా అన్నది సందర్భాన్ని బట్టేనట. ఆవిణ్ణే అడిగితే పెద్దగా నవ్వింది. మేమూ ఇంట్లో స్నానానికి వెళ్తూ "దార్లో ఉన్నా" అంటామని చెప్పాను. అప్పుడే అసలు మాట కూడా రాశాను, డిక్షనరీలో ఒక్కొక్కటీ చూసుకుంటూ. ఆ రోజు తప్పు నాది, మీది కాదు అని. "లా కుల్పా ఫుయె మీయా."

ఐదు నిమిషాల్లో జవాబొచ్చింది. చివరి మాటలో ఐ మీద గీత పెట్టడం మర్చిపోయానట. సరిచేసి, పక్కన ఒక నవ్వు ముఖం పెట్టింది. ఇప్పుడు ఆవిడ టికెట్లలో ఎవెంతువాల్మెంతే రాసిన ప్రతిసారీ పక్కన "వారానికి రెండుసార్లు" అనో "నెలకోసారి" అనో కూడా ఉంటోంది.