నువ్వు నన్ను అడిగితివా?

మా ఇంట్లో రెండు భాషలు. అమ్మది కన్నడ, నాన్నది తెలుగు. నాన్న వాళ్ళమ్మను నేను అవ్వ అంటాను. అవ్వ తెలుగు తప్ప ఇంకేదీ మాట్లాడదు. కన్నడ మాత్రం బాగానే అర్థమవుతుంది. ఆ సంగతి నేనొకసారి మర్చిపోయాను.

పోయినేడు అమ్మకు మణికట్టు నొప్పి ఎక్కువైతే గిన్నెలు తోమొద్దన్నారు డాక్టరు. అమ్మ చీటీ డబ్బులు పెట్టి డిష్‌వాషర్ కొనింది. అవ్వ దానికి "మిషను" అని పేరు పెట్టింది, మాకూ అదే అలవాటైంది.

ఈ ఎండాకాలం కావేరి నీళ్ళు సరిగ్గా రాక ట్యాంకరు నీళ్ళు పోయించుకున్నాం. అవి బోరు నీళ్ళు. ముందు గ్లాసుల మీద తెల్లటి పొర కనిపించింది. తర్వాత పళ్ళేల మీద ఇసుక లాంటి నలుసులు. చివరికి ఒకరోజు మిషను అడుగున నీళ్ళు పోకుండా నిలబడిపోయాయి. నేను అమ్మతో కన్నడలో అనేశాను, "అవ్వే మెతుకులు తీయకుండా పళ్ళేలు పెట్టేసి ఉంటుంది" అని. అవ్వ పక్క గదిలోనే ఉంది. ఆ రాత్రి నుంచి తన పళ్ళెం, గ్లాసు తీసుకుని వెనక కొళాయి దగ్గర తానే తోముకోవడం మొదలుపెట్టింది.

రిపేరు అతను నాలుగు రోజులు పడుతుందన్నాడు. నేను మాన్యువల్ తీసుకుని కూర్చున్నాను. ముందు ప్లగ్ తీసేశాను. కింది అర బయటికి లాగి, నిలిచిన నీళ్ళు గ్లాసుతో తోడి, మిగిలింది గుడ్డతో అద్దాను. అడుగున గుండ్రంగా ఉండే ఫిల్టర్‌ని ఎడమ వైపుకి తిప్పితే ఊడొచ్చింది. లోపల ఒక నిమ్మ గింజ, తిరగవాత ఆవాలు, ముద్దైపోయిన కాగితం. ఒక్క మెతుకు లేదు.

ఆ కాగితం ఏదో చూడగానే తెలిసింది. పెన్నులు పెట్టుకుందామని జామ్ సీసాను లేబుల్ తీయకుండా మిషనులో పెట్టింది నేనే.

పాత టూత్‌బ్రష్‌తో ఫిల్టర్ కడుగుతుంటే అవ్వ వచ్చి నిలబడింది. "జల్లెడకు అడ్డం పడితే నీళ్ళు యాడికి పోతాయి?" అంది. నీళ్ళు చిమ్మే రెక్కల్లో బెజ్జాలు కూడా ఆవాలతో మూసుకుపోయి ఉన్నాయి. పిన్నీసు కోసం వెతుకుతుంటే అవ్వే చీపురుపుల్ల తెచ్చిచ్చింది.

తెల్ల పొర సంగతి వేరు. గ్లాసు మీద కాస్త వెనిగర్ రుద్దితే పోయింది. అంటే అది నీళ్ళలోని సున్నం. రుద్దినా పోకుంటే గాజే అరిగిందని అర్థమట. మిషను మీద ఒక చిన్న దీపం వారాలుగా వెలుగుతూనే ఉంది, మేమెవరం పట్టించుకోలేదు. ఉప్పు అయిపోయిందని అది చెప్తోంది! వంటింటి ఉప్పు పనికిరాదు, దీనికి వేరే గల్లుప్పు అమ్ముతారు. అది పోసి, నీళ్ళ గడుసుదనం సెట్టింగ్ పెంచి, వెంటనే ఖాళీగా ఒకసారి తిప్పాను. ఒలికిన ఉప్పు అట్లే ఉంటే స్టీలు పాడవుతుంది.

నీళ్ళు గడగడమని బయటికి పోయిన శబ్దం విన్నాక అవ్వ దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, ఆ కాగితం నాదే."

"తెలుసు మే. నువ్వు సీసా పెడతాంటే చూసినా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు నన్ను అడిగితివా?"

నా దగ్గర జవాబు లేకపోయింది, ఏ భాషలోనూ.

మీ ఇంట్లో మిషను ఆగిపోతే ముందు ప్లగ్ తీయండి, తర్వాత జల్లెడ విప్పి చూడండి. మనుషుల్ని అనడం ఆ తర్వాత. మా మిషను ఇప్పుడు బాగానే తిరుగుతోంది. కింది అరలో ఒక పళ్ళెం పట్టే చోటు రోజూ ఖాళీగా వదులుతున్నాను. అవ్వ ఇంకా వెనక కొళాయి దగ్గరే తోముకుంటోంది.

— ద్వితీయ బి.ఏ. విద్యార్థిని