ఆకు వెనుక ఆనవాలు

ఉత్తరాఖండ్ రాష్ట్రం రుద్రప్రయాగ జిల్లాలోని చోప్తా అనే చిన్న మజిలీ నుంచి తుంగనాథ్ ఆలయానికి రాళ్లు పరచిన కాలిబాట ఒకటి ఉంది. యాత్రికులు శివదర్శనం కోసం ఆ బాటను ఎక్కుతారు. వృక్షశాస్త్ర విద్యార్థులు అదే బాటలో తలవంచుకొని, ఇరువైపులా వెదకుతూ, యాత్రికుల కంటె ఎంతో ఆలస్యంగా పైకి చేరుకుంటారు. మొదట ఎర్రని పూలతో నిండిన బురాన్స్ చెట్లు కనిపిస్తాయి. సుమారు 3,300 మీటర్ల ఎత్తుకు చేరేసరికి చెట్లు పలచబడి, ఒకచోట గీత గీసినట్లు ఆగిపోతాయి. ఆ పైన పచ్చిక బయళ్లే. తెలుగునాట ఇటువంటి గీతను చూడటం సాధ్యం కాదు. తూర్పు కనుమలలోని అర్మకొండ 1,680 మీటర్ల వద్దనే ముగుస్తుంది. అక్కడ చెట్టుకు ఎదురయ్యే శత్రువు గొడ్డలే గాని చలి కాదు.

చెట్లు ఆగిపోయిన ఆ అంచున, అడవికీ పచ్చికకూ నడుమ, మనిషి ఎత్తుకు కొంచెం హెచ్చుతగ్గులుగా పెరిగే పొద ఒకటి గుంపులు గుంపులుగా ఉంటుంది. దాని శాస్త్రీయ నామం రోడోడెండ్రాన్ కంపానులేటమ్. శీతకాలంలో నెలల తరబడి మంచు బరువును మోయడం వల్ల దాని కాండం నిలువుగా లేవదు. మొదట వాలు వెంట నేలబారుగా పాకి, ఆ తరువాతనే పైకి వంపు తిరుగుతుంది. చూచేవారికి అది వికారంగా తోచవచ్చు. కాని మంచు కిందపడి విరిగిపోవడం కంటె వంగి నిలవడమే ఆ మొక్క నేర్చిన బ్రతుకు. మంచు కరగిన పిమ్మట, ఏప్రిల్ చివరి నుంచి జూన్ వరకు, కొమ్మల చివర గుత్తులుగా పూలు వస్తాయి. ఒక్కొక్క పువ్వు ఐదు తమ్మెలు గల చిన్న గంట. రంగు తెలుపు మొదలుకొని లేత ఊదా వరకు మారుతుంది. లోపల పైభాగాన చుక్కలు, పది కేసరాలు.

పువ్వును చూచి పేరు చెప్పాలనుకునేవారు ఇక్కడనే పొరబడతారు. ఒకే వాలు మీద ఒక పొద తెల్లగాను, దాని పక్క పొద ఊదాగాను పూస్తుంది. ఎండ తగిలిన కొద్దీ రంగు వెలిసిపోతుంది. ఇక కాగితాల నడుమ అదిమి ఆరబెట్టిన నమూనాలో తెలుపూ ఊదా రెండూ గోధుమ రంగులోకి దిగజారుతాయి. మారకుండా మిగిలేది ఆకు. దాని పైవైపు నునుపైన ఆకుపచ్చ. అడుగువైపు, ఉన్ని బట్టను అతికించినట్లు, తుప్పు రంగు నూగు. వ్రేలితో తడిమితే చాలు, ఆ మెత్తదనం తెలిసిపోతుంది. ఈ పొద తన గుర్తింపును అందరికీ కనిపించే పువ్వులో గాక, ఎవరూ తిప్పి చూడని చోట దాచుకొంది.

నేపాల్ నుంచి వచ్చిన ఎండు నమూనాలను పరిశీలించి డేవిడ్ డాన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త 1821లో దీనికి పేరు పెట్టాడు. రోడాన్ అంటే గ్రీకు భాషలో గులాబి, డెండ్రాన్ అంటే చెట్టు. కంపానులేటమ్ అనే లాటిన్ మాటకు గంట ఆకారం గలదని అర్థం. ఆ ప్రజాతిని 1753లో స్థాపించినవాడు లిన్నేయస్. ఆయన కేసరాల సంఖ్యను ఆధారంగా చేసుకొని, ఐదు కేసరాలు గల అజేలియాను వేరొక ప్రజాతిగా ఉంచాడు. లెక్క సులువైనదే, కాని ప్రకృతి దానికి లోబడలేదు. తక్కిన లక్షణాలన్నీ కలిసిపోతున్నప్పుడు కేసరాల లెక్క ఒక్కటే గోడగా నిలవలేకపోయింది. 1834లో జార్జ్ డాన్ రెండింటినీ ఒకటిగా కలిపాడు. నేడు ఆ ఒక్క ప్రజాతిలో వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి.

హిమాలయ రోడోడెండ్రాన్లను లోకానికి తెలియజేసిన కీర్తి జోసెఫ్ హుకర్‌ది. 1848లో డార్జిలింగ్ చేరిన ఆయన లెప్చా కూలీల సాయంతో సిక్కిం లోయలు, కనుమలు గాలించాడు. 1849 చివర అక్కడి పాలకులు ఆయనను కొన్ని వారాలు నిర్బంధించారు కూడా. ఆయన పంపిన వర్ణనలు, చిత్రాల ఆధారంగా లండన్‌లో 1849 నుంచి 1851 వరకు సిక్కిం రోడోడెండ్రాన్ల గ్రంథం వెలువడింది. శిలాముద్రణ చిత్రాలు వాల్టర్ ఫిచ్‌వి. అందులోని కొత్త జాతులకు గవర్నర్ జనరల్ భార్య డల్హౌసీ, మిత్రుడు థామ్సన్, ఆతిథ్యమిచ్చిన హాడ్జ్‌సన్, కలకత్తా ఉద్యానాధిపతి ఫాల్కనర్ పేర్లు చిరస్థాయిగా అతుక్కున్నాయి. బరువులు మోసి, దారి చూపి, కొమ్మలు కోసి తెచ్చిన లెప్చాల పేర్లు ఆ పట్టికలో కనబడవు. శాస్త్రం నిష్పాక్షికమైనదే, కాని నామకరణోత్సవానికి పిలుపు అందరికీ రాలేదు.

హుకర్ వర్ణించిన వాటిలో రోడోడెండ్రాన్ వాలిషీ ఒకటి. ఎత్తు, పువ్వు, ఆకు ఆకారం అన్నీ కంపానులేటమ్‌ను పోలినవే. భేదం ఆకు అడుగున మాత్రమే. ఒకదానిలో నూగు ఒత్తుగా కప్పి ఉంటుంది. రెండవదానిలో చిన్న చిన్న కుచ్చులుగా, పలచగా ఉంటుంది. ఇంత స్వల్ప భేదానికి వేరు జాతి అవసరమా అని సందేహించి, దానిని కంపానులేటమ్‌లో ఒక భేదంగా లెక్కించినవారు ఉన్నారు. 1982లో ఎడింబరో శాస్త్రవేత్త చేంబర్లిన్ తన సమీక్షలో దానిని వేరు జాతిగానే నిలిపాడు. అయినా ఒత్తు నూగుకూ పలుచని నూగుకూ మధ్యస్థంగా ఉండే పొదలు కొండ మీద ఎదురవుతూనే ఉంటాయి. పొదలు పుస్తకం చదివి పెరగవు కదా!

ఆకు అడుగున ఉన్న ఆనవాలుకు లోతైన అర్థం ఉందని తేల్చినవారిలో ఒక భారతీయ స్త్రీ ఉన్నారు. తలశ్శేరిలో 1897లో జన్మించిన జానకీ అమ్మాళ్ 1940ల చివర ఇంగ్లండులోని విజ్లీ ఉద్యానంలో పనిచేస్తూ, ఈ ప్రజాతి క్రోమోజోములను ఇద్దరు సహచరులతో కలిసి లెక్కించారు. ఫలితాలు 1950లో వెలువడ్డాయి. ఆకు మీద పొలుసులు లేని జాతులలో క్రోమోజోములు సాధారణంగా 26. పొలుసులు గల జాతులలో 26 మాత్రమే గాక 52, 78, అంతకు మించినవి కూడా కనిపించాయి. తోటమాలులు భూతద్దంతో చూచి చేసుకున్న విభజన కణంలోనూ ప్రతిఫలించింది. కంపానులేటమ్ నూగే గాని పొలుసులు లేని వర్గానిది. దాని పొరుగున, ఇంకా ఎత్తున పెరిగే పొట్టి పొద ఆంథోపోగాన్ పొలుసుల వర్గానిది.

ఈ తేడా పండితుల ముచ్చట మాత్రమే కాదు. సువాసన గల ఆంథోపోగాన్ ఆకులను నేపాల్ వాసులు సున్‌పాతీ అని పిలిచి ధూపంగా వేస్తారు. ఎర్ర బురాన్స్ రేకులతో ఉత్తరాఖండ్ ఇండ్లలో పానకం చేస్తారు. కాని ఈ ప్రజాతిలోని అనేక జాతులలో గ్రేయనోటాక్సిన్ అనే విషద్రవ్యం ఉంది. ఆ పూల తేనె తిన్నవారికి నాడి మందగించి కళ్లు తిరుగుతాయి. ఆకులు మేసిన పశువులు జబ్బుపడతాయి. అన్నీ ఒకటే పువ్వు అనుకొని గుప్పెడు రేకులు కోసుకొన్నవాడికి వర్గీకరణ ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

మరొక చిక్కు నెమ్మదిగా జరిగేది. పచ్చిక బయళ్ల అంచున దొరికే కట్టెలలో ఈ పొద ఒకటి. గొర్రెల కాపరులు, యాత్రామార్గంలోని వంటశాలలు చాలాకాలంగా దానినే నరికి పొయ్యిలో పెట్టడం పరిపాటి. అది మెల్లగా పెరిగే మొక్క. చేతి మందం కొమ్మ ఒక పూట వంటకు చాలదు. వేడిమి పెరుగుతున్న ఈ కాలంలో చెట్ల గీత పైకి జరుగుతున్నదా, జరిగితే ఈ పొద ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే, ఏ సంవత్సరం, ఏ ఎత్తున, ఏ జాతి ఉండేదో తెలియాలి. పేరు తప్పుగా రాసిన నమూనా అక్కడ తప్పు సాక్ష్యమే చెబుతుంది.

అందుకే హెర్బేరియం కోసం కొమ్మను అతికించేటప్పుడు అనుభవజ్ఞులు ఒక జాగ్రత్త తీసుకుంటారు. ఆకులన్నిటినీ అందంగా, నిగనిగలాడే వైపు పైకి ఉండేటట్లు పరచరు. కనీసం ఒక ఆకునైనా తిరగవేసి కుడతారు. పక్కన కాగితం చీటీపై ఊరు, ఎత్తు, తేదీ, పువ్వు రంగు రాసి ఉంటాయి. ఆ రంగు పువ్వులో మిగలకపోయినా చీటీలో ఉంటుంది. తిరగవేసిన ఆకు మీద తుప్పు రంగు నూగు మాత్రం నూరేండ్ల తరువాత కూడా వ్రేలికి మెత్తగానే తగులుతుంది.