దాలి మీద చిట్టి కుండ



పోయిన వారం మన సంఘ బిడ్డ ఒకరు దుబాయి నుంచి ఫోను చేసి, "అయ్యగారూ, మీరు చిట్టికి విడిగా వంట చేయిస్తున్నారంట కదా, నిజమేనా?" అని నవ్వారు. నిజమే. చేయించడం కాదు, నేనే చేస్తున్నాను. అమ్మగారు ఆ కుండ ముట్టుకోరు. "ప్రసంగం రాసుకునే శనివారం సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుంటే వాక్యం ఎలా వస్తుంది?" అని ఆవిడ ప్రశ్న. పొయ్యి దగ్గరే వస్తోందని చెబితే నమ్మరు.

చిట్టి మీ అందరికీ తెలుసు. 2020లో లాక్‌డౌను పెట్టి మందిరం తలుపులు మూసినప్పుడు, ఖాళీ బెంచీల ముందు నిలబడి ఫోనులో వాక్యం రికార్డు చేసేవాణ్ణి. అప్పుడు వాకిట్లోకి వచ్చి పడుకున్న కుక్కపిల్ల అది. ఆ రోజుల్లో నా ప్రసంగానికి ఎదురుగా ఉన్న ప్రాణి అదొక్కటే. "ఆమేన్" అనకపోయినా లేచి వెళ్లిపోలేదు. సంఘము తిరిగి కూడుకున్న తరువాత కూడా అది వెళ్లలేదు. మామూలు నాటు కుక్క, ఇప్పుడు 14 కిలోలుంటుంది.

ఇన్నేళ్లూ దానికి మేము పెట్టింది మన ఊళ్లో అందరూ పెట్టేదే: మిగిలిన అన్నం, కూర అడుగు, ఆదివారం ఎముకలు. పోయిన క్రిస్మస్ ప్రేమవిందు మరునాడు మిగిలిన పలావు, ఎముకలు బేసిన్‌తో తెచ్చి దాని ముందు పోశాను. కేకు ముక్కలు కూడా వేశాను. పండగ దానికీ కావాలి కదా అనుకున్నాను. రాత్రికి అది మెడ చాచి, నోరు తెరిచి, దగ్గలేక దగ్గుతోంది. ఎముక పుల్ల గొంతులో గుచ్చుకుంది. తెల్లవారాక మోటారు సైకిలు మీద మా అబ్బాయి ఒళ్లో పెట్టుకుని మండలం పశువుల ఆసుపత్రికి తీసుకెళితే, డాక్టరుగారు పట్టకారుతో ఆ పుల్ల తీశారు. తరువాత నన్ను నిలబెట్టి ఒక ప్రసంగం చేశారు. నేను చేసే ప్రసంగాలకన్నా పొట్టిది, బాగా గుర్తుంది.

ఉడికిన ఎముక పచ్చి ఎముకలా నలగదు, పుల్లల్లా చీలుతుంది. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాలను పాడు చేస్తాయి. మన కూరల్లో అవి లేనిదేది? ఎండుద్రాక్ష దాని మూత్రపిండాలను దెబ్బ తీయగలదు. క్రిస్మస్ కేకు నిండా ఉండేది అదే. చాక్లెట్ కూడా విషమే. ఈ సంగతులు ఆరోజు దాకా నాకు తెలియవు. ప్రేమ ఉంది గాని తెలివి లేదు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12:10 మీద ఎన్నిసార్లు చెప్పానో. పట్టించుకోవడమంటే గిన్నెలో ఏముందో చూడటం కూడానని తెలియడానికి నాకు ఒక ఎముక పుల్ల అవసరమైంది.

సంగతి విని టెక్సాస్‌లో ఉన్న మా మరదలు వీడియో కాల్ చేసింది. "బావగారూ, మేము మా కుక్కకి స్లో కుక్కర్‌లో వండుతాం. రాత్రి పడేస్తే పొద్దుటికి అయిపోతుంది, ఒకటి పంపనా?" అంది. కరెంటు గిన్నెలో కోడి మాంసం, బియ్యం, క్యారెట్, బఠాణీ, నీళ్లు పోసి, సన్న వేడి మీద ఆరేడు గంటలు వదిలేస్తారట. పంపొద్దన్నాను. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పైగా మన కరెంటు రాత్రంతా ఉంటుందని నేను ఎవరికీ మాట ఇవ్వలేను.

కాని ఆ గిన్నె చరిత్ర వెతికి చదివాను. చదివాక దాని మీద గౌరవం కలిగింది. దాన్ని కనిపెట్టినాయన ఇర్వింగ్ నాక్సన్ అనే యూదుడు. 1940లో పేటెంటు వచ్చింది. 1970లలో ఒక కంపెనీ దాన్ని క్రాక్‌పాట్ పేరుతో అమెరికా అంతా అమ్మింది. ఆయనకు ఆ ఆలోచన తల్లి చెప్పిన ముచ్చట నుంచి వచ్చిందట. విశ్రాంతి దినాన నిప్పు రాజేయకూడదని నిర్గమకాండము 35వ అధ్యాయంలో ఉంది కదా. అందుకని ఐరోపాలోని యూదుల ఇళ్లలో శుక్రవారం పొద్దుగూకక ముందే మాంసం, చిక్కుళ్లు కుండలో వేసి ఊళ్లోని రొట్టెల పొయ్యిలో పెట్టి వచ్చేవారు. పొయ్యి చల్లారుతూ చల్లారుతూ రాత్రంతా ఆ కుండను ఉడికించేది. మరునాడు తెచ్చుకుని తినేవారు. మోషే ద్వారా వచ్చిన ఆజ్ఞ ఒకటి టెక్సాస్‌లో కుక్క గిన్నె దాకా ప్రయాణం చేసిందన్నమాట! సెమినరీలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

అలాంటి పొయ్యి మన దగ్గర లేదా అని ఆలోచిస్తే మా నాయనమ్మ దాలి గుర్తొచ్చింది. మీలో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. పిల్లల కోసం చెబుతున్నాను. పెరట్లో మట్టితో కట్టిన గుంట, అందులో పిడకలు. మంట ఉండదు, కణకణలాడుతూ లోపలే కాలుతుంది. దాని మీద కుండతో పాలు పెడితే సాయంత్రానికి ఎర్రగా మరిగి, పైన అరచేయంత మందాన మీగడ కట్టేది. గ్యాసు వచ్చాక దాలి పోయింది. మా పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన ఒకటి మళ్లీ కట్టాను.

వంట చెబుతాను, ఎందుకంటే ముగ్గురు అడిగారు. కిలో కోడి మెడలు, కందనకాయలు. 100 గ్రాముల కార్జం, అంతకు మించి వద్దు, దానిలో విటమిన్ ఎ ఎక్కువ. పావుకిలో బియ్యం, ఒక గుమ్మడి ముక్క, రెండు క్యారెట్లు, గుప్పెడు బీన్స్. ఉప్పు లేదు, కారం లేదు, ఉల్లి అసలు లేదు. ముందు గ్యాసు మీద బాగా తెర్ల కాగనివ్వాలి. పచ్చిమాంసాన్ని తిన్నగా దాలి మీద పెడితే అది వేడెక్కేలోగా పురుగు పెరుగుతుంది. మరిగాక దాలి మీదికి మార్చి నాలుగు గంటలు వదిలేయాలి. మాంసం దానంతట అదే ఎముకను వదిలేస్తుంది. అప్పుడు చల్లార్చి, చేత్తో ఒక్కొక్క మెడా వలిచి, ఎముకలన్నీ ఏరేయాలి. ఇదే పెద్ద పని, గంట పడుతుంది. ఎముకలు తీసేశాం కాబట్టి సున్నం తగ్గుతుంది. దానికి కడిగి, ఎండబెట్టి, వేయించి, మెత్తగా దంచిన గుడ్డు పెంకుల పొడి ఒక టీస్పూను. ఎన్నాళ్లూ ఇదే ఒక్క వంట పెట్టకండి, మధ్యమధ్య నాకు చూపించండి అని డాక్టరుగారు చెప్పారు. చిట్టికి రోజుకు 350 గ్రాములు, రెండు పూటలుగా. మిగిలింది డబ్బాల్లో పెట్టి ఫ్రీజరులో. ఆ అర మీద "చిట్టి" అని మా అమ్మాయి చీటీ అంటించింది. లేకపోతే ఒకరోజు నేనే అన్నంలో కలుపుకునేవాణ్ణి.

నెల తిరిగేసరికి చిట్టి బొచ్చు నిగనిగలాడింది. నాకు లోపల ఒక గర్వం. ఆ నెలలోనే మత్తయి 15వ అధ్యాయం, కనాను స్త్రీ మీద వాక్యం చెప్పాను. అక్కడ గ్రీకులో ఉన్న మాట వీధికుక్క కాదు, ఇంట్లో బల్ల కింద తిరిగే చిన్న కుక్క, అందుకే మన తెలుగు బైబిలులో కుక్కపిల్లలని ఉంది అని, నేర్చుకున్న గ్రీకు కాస్తా బయటికి తీశాను. ఉదాహరణగా చిట్టిని కూడా చెప్పాను. అందరూ నవ్వారు.

ఆరాధన అయ్యాక మన సంఘంలో ఒక మామ్మగారు చెప్పులు వేసుకుంటూ ఆగారు. (ఈ సంగతి రాయవచ్చా అని అడిగాను. పేరు రాయకపోతే రాసుకోమన్నారు.) ఒంటరి మనిషి, పింఛను మీద బతుకుతారు. నెమ్మదిగానే అన్నారు: "అయ్యగారండీ, కోడి మెడలు దొరకట్లేదండి నాకు. ప్రతి ఆదివారం 30 రూపాయలకి ఇచ్చేవోడండి కొట్టు అబ్బాయి. ఇప్పుడు అడిగితే, అయ్యగారి కుక్కకి పక్కన పెట్టానంటున్నాడండి."

అంతే. కోపం లేదు. వందనాలు చెప్పి వెళ్లిపోయారు.

ఆ మెడలు ఎవరూ తినరనే నేను అనుకున్నాను. శనివారం వెళ్లి, బేరమాడకుండా, ఆయన అడిగినంతా ఇచ్చి సంచీడు తెచ్చుకుంటున్నాను. బేరమాడని అయ్యగారు శనివారమే వస్తుంటే, ఆదివారం 30 రూపాయలు పట్టుకొచ్చే మనిషికి మిగలదు. ఆ చిన్న లెక్క నాకు తోచలేదు. పిల్లల రొట్టె తీసి కుక్కపిల్లలకు వేయడం తగదని ప్రభువు ఆ తల్లితో అన్న మాటను ఇన్నేళ్లూ ఆమె ఇచ్చిన జవాబు కోసమే చదివాను. ఆమె విశ్వాసం గొప్పది, దాని మీద చెప్పడం సులువు. మొదటి సగం ఉన్నది ఉన్నట్టుగా నా మీదికి రావడం అదే మొదటిసారి. పిల్లల రొట్టె అక్షరాలా తీసుకున్నాను, కుక్కకు అక్షరాలా వేశాను, దాని మీద గ్రీకు కూడా చెప్పాను.

ఆ మధ్యాహ్నం అన్నం సయించలేదు. చిట్టిని చూస్తే కోపం వచ్చింది, అదేం చేసింది పాపం. అమ్మగారు మాత్రం, "కుక్క మానేయాలా, మెడలు మానేయాలా? రెండూ ఒకటి కాదు కదా" అన్నారు.

కొట్టుకు వెళ్లి, ఆదివారం ముందు మామ్మగారికి, తరువాతే నాకు అని చెప్పాను. ఆయన తల ఊపాడు గాని నాకు నమ్మకం కుదరలేదు. మెడలు కొనడమే మానేశాను. ఇప్పుడు మా ఇంటికి ఆదివారం తెచ్చుకునే కోడిలోంచే పావుకిలో మెత్తని మాంసం ముందు తీసి పక్కన పెడుతున్నాను. దానికి తోడు గుడ్లు. ఈ మార్పు డాక్టరుగారికి చెప్పాను, సరేనన్నారు. కూరలో ముక్కలు తగ్గాయని మా అబ్బాయి రెండు ఆదివారాలు మొహం మాడ్చుకున్నాడు. మాడ్చుకోనీ. చిట్టి తిండి మా బల్ల మీద నుంచి పడాలి గాని ఇంకొకరి గిన్నెలోంచి కాదు.

మామ్మగారికి క్షమించమని చెప్పడానికి వెళితే, "దానికేముందిలెండి" అన్నారు. ఆ మాటకు అర్థం క్షమించాననా, వదిలేయమనా, ఇప్పటికీ నాకు తేలలేదు. మెడలు మాత్రం దొరుకుతున్నాయట.

మొన్న శనివారం ఆవిడే మా పెరట్లోకి వచ్చారు. దాలి పొగ వీధిలోకి వస్తోందట. వంగి చూసి, "పిడకలు నిలబెట్టి పేర్చారేంటండీ, మంట లేచిపోదూ? పడుకోబెట్టి పైన ఊక కప్పాలి" అని, కూర్చుని, తనే సర్ది చూపించారు. మూత తీసి వాసన చూసి, "ఉప్పూ కారం లేకుండా దీన్ని కూరంటారా?" అన్నారు. ఆ పిడకలు కూడా వర్షానికి తడిసినవే, నేనేదో తెలియక కొన్నాను. తన దగ్గర ఎండినవి ఉన్నాయని చెప్పారు. ఊరికే ఇస్తారేమోనని నేను మొహమాటపడుతుంటే, "వంద పిడకలు 200 అండి. అయ్యగారని తగ్గించను" అన్నారు.

డబ్బులు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకుని లేచారు. చిట్టి గేటు దాకా ఆవిడ వెనకే వెళ్లింది.