పెదవికి తెలియని వేడి

ఇంగ్లండులో దవడ ఆపరేషన్‌కి ఒప్పుకున్నప్పుడు నా భయమంతా ఎముక గురించే. కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి, పళ్లు కలవక, జామకాయ కొరకడం కూడా కష్టమయ్యేది. ఎముకను రెండు పక్కలా చీల్చి, వెనక్కి జరిపి, టైటానియం ప్లేట్లతో బిగించారు. 1957లో ట్రౌనర్, ఒబ్వెగెసర్ ప్రచురించిన పద్ధతికి మెరుగులు దిద్దుతూ నేటికీ ఇలాగే చేస్తున్నారు. ఎముక చక్కగా అతుక్కుంది. కింది పెదవి, గడ్డం మొద్దుబారాయి. కుడివైపు తేరుకుంది. ఎడమవైపు ఇంకా పూర్తిగా రాలేదు.

కింది దవడ ఎముక లోపలి సన్నని దారిలో ఒక నరం నడుస్తుంది. కింది పళ్లకు కొమ్మలు వేసి, గడ్డం పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చి పెదవికి చేరుతుంది. ఎముకను చీల్చేది సరిగ్గా ఆ నరాన్ని ఆనుకునే. తెగనక్కర్లేదు, సాగినా నలిగినా స్పర్శ పోతుంది. స్వల్పంగా నలిగితే కొన్ని వారాల్లో కోలుకుంటుంది. లోపలి పోగులు తెగితే మళ్లీ మొలవాలి, అదీ రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున. పెదవిని కదిలించే నరం వేరు. అందుకే నా నవ్వు, మాట మామూలుగానే ఉంటాయి, చూసేవాళ్లకు ఏ లోటూ కనబడదు.

లోటు తెలిసేది అన్నం దగ్గర. చారు ఎంత వేడిగా ఉందో ఎడమ పెదవి చెప్పదు. బొబ్బ లేచాక అద్దంలో చూసుకోవాలి. పెరుగన్నం మెతుకు గడ్డం మీద ఉన్నా తెలీదు. వీడియో కాల్‌లో అమ్మ, "ఎడమ పక్క తుడుచుకో నాన్నా" అని, మాట మార్చకుండా కబుర్లు కొనసాగిస్తుంది. ఆ మామూలుతనం నాకు ఎంత ధైర్యమో! గడ్డం గీసుకుంటుంటే చీమలు పాకుతున్నట్టుంటుంది. పాప ముద్దుపెడితే సగమే అందుతుంది. దీనికి మాత్రం నేను అలవాటు పడలేదు.

సంతకం పెట్టిన కాగితంలో తిమ్మిరి రావచ్చని ఉంది. కానీ ఆ తిమ్మిరితో తినడం, ముద్దుపెట్టుకోవడం ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేదు. 2015లో మాంట్‌గొమరీ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఎదుటనున్న ఆ రోగికి ఏ ముప్పు ముఖ్యమో అది వైద్యుడు చెప్పి తీరాలి. సన్నాయి ఊదేవాడికి పెదవి స్పర్శ అంటే బతుకుతెరువు. అతని వృత్తి ఏమిటో అడగకుండా సంతకం తీసుకోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఈ ఆపరేషన్ గురించి నన్నడిగే మన పిల్లలను వద్దని ఆపను. నా కొరుకుడు బాగుపడింది, అది పెద్ద మేలే. స్కాన్‌లో నరం ఎక్కడుందో చూపించమని అడగమంటాను. మీ రోగుల్లో ఎందరికి తిమ్మిరి శాశ్వతంగా మిగిలిందని అడగమంటాను. వయసు పెరిగేకొద్దీ నరం కోలుకోవడం తగ్గుతుంది కాబట్టి తమ వయసుకు ఆ లెక్క ఎంతో కూడా. తర్వాత తిమ్మిరి బదులు మంట, షాక్ కొట్టినట్టు నొప్పి మొదలైతే మాత్రం తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెంటనే ఫోన్ చేయమంటాను.