పడకగదిలోని దుమ్ము

మా ఇల్లు నాంపల్లి రైల్వే స్టేషనుకు సమీపంలోని ఒక సందులో, పాత మేడమీద ఉంది. కిటికీ తెరిస్తే వీధి దుమ్ము, మూస్తే ఇంటి దుమ్ము. ఆ గదులలోనే ఇన్నేళ్లు సంసారం నడిపిన నా సహధర్మచారిణికి ఎనిమిదేళ్ల క్రితం ఉబ్బసం పట్టుకుంది. మొదట చలికాలానికే పరిమితమైన ఆయాసం వర్షాకాలానికి, ఆపై అన్ని కాలాలకూ వ్యాపించింది. నేను తహజ్జుద్‌కు లేచే వేళకు ఆమె అప్పటికే గోడకు ఆనుకొని, ఊపిరి అందక కూర్చొని ఉండేది.

ఒకనాడు డాక్టరుగారు, "పడుకొనే గదిలో ఏమేమి ఉన్నాయి?" అని అడిగారు. మంచం, దూది పరుపు, బట్టల బీరువా, నేలమీద తివాచీ అని చెప్పాను. పుస్తకాల సంగతి చెప్పలేదు. మరచిపోయి కాదు. పక్కనే కూర్చున్న ఆమె కూడా నా మాటను సవరించలేదు.

ఆదివారం నాడు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారని నగరవాసులందరికీ తెలుసు. విద్యార్థి దశ నుండి నా ఆదివారాలు అక్కడే గడిచాయి. 1888లో మన హైదరాబాదులోనే స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ అచ్చువేసిన అరబీ గ్రంథాల విడి సంపుటాలు, అట్టలు ఊడిన హదీసు వ్యాఖ్యానాలు, ఎవరి తాతగారివో తెలియని నిఘంటువులు. జీతం తక్కువ కావడం వల్ల చిరిగినవే కొన్నాను. అవన్నీ మా మంచం తలవైపు గోడకు, పైకప్పు దాకా పేర్చి ఉండేవి. ఒకటి లాగితే దాని మీది దుమ్ము ఆమె దిండు మీద పడేది.

ఆ జనవరిలో కుటుంబ సమేతంగా నుమాయిష్‌కు వెళ్లాము. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946 నుండి నాంపల్లి మైదానంలో జరుగుతున్న ప్రదర్శన అది. ఉబ్బస రోగులు చేపప్రసాదం కోసం మృగశిర కార్తెనాడు వేలాదిగా బారులు తీరేది కూడా ఆ మైదానంలోనే. ఒక స్టాలులో ఒక యువకుడు నీటితో పనిచేసే వాక్యూమ్ క్లీనర్‌ను చూపిస్తున్నాడు. పాత పరుపు మీద గొట్టాన్ని నాలుగుసార్లు నడిపి, గాజులాంటి తొట్టెను విప్పి ఎత్తిపట్టాడు. తేటనీరు కాస్తా బురదయింది. చుట్టూ ఉన్నవారందరూ "అబ్బో" అన్నారు, నేనూ అన్నాను. ఒక్క రేణువైనా బయటకు రాదని అతడు హామీ ఇచ్చాడు. ఇంటికి వెళ్లి లెక్కలు వేసుకొని, వారం తరువాత మళ్లీ వచ్చి కొన్నాను. నా ఒక నెల జీతం దానికి చాలలేదు.

యంత్రం మంచిదే. సంచీ ఉండే యంత్రంలో సంచీ నిండేకొద్దీ పీల్చే బలం తగ్గుతుంది, దాన్ని దులిపేటప్పుడు దుమ్ము తిరిగి మన ముఖాన పడుతుంది. ఇందులో దుమ్ము గాలితోపాటు నీటిలోకి దిగి, తడిసి, అక్కడే ఉండిపోతుంది. అయితే గాలి నీటిలో బుడగలై పైకి వస్తుంది. బుడగ మధ్యలో చిక్కిన అతి సన్నని రేణువుకు నీరు తగలనే తగలదు, అది గాలితోనే బయటపడుతుంది. అందుకే నీటి తరువాత హెపా అనే వడపోత కూడా ఉండాలి. 0.3 మైక్రాన్ల రేణువులలో 99.97 శాతాన్ని ఆపగలిగితేనే దానికి ఆ పేరు. మా యంత్రంలో అది లేదు. తొట్టెలోని బురద పట్టుబడిన దుమ్మునే చూపిస్తుంది, తప్పించుకొన్న దాన్ని చూపించదు. ఈ విషయం కొన్న తరువాత తెలుసుకొన్నాను.

నా అలసత్వమూ ఒకటుంది. నీటిని ఆ పూటే పారబోసి తొట్టెను ఆరబెట్టాలి. ఒక రాత్రి వదిలేస్తే మర్నాడు గదంతా పాచివాసన కొట్టింది, ఆమెకు దగ్గు రెట్టింపయింది. ప్రతిసారీ రెండు లీటర్ల నీరు పోవడం కూడా మనసును గుచ్చేది. దైవప్రవక్త (స) ఉజూకు ఒక ముద్ నీరు, అంటే లీటరుకు లోపే, వాడేవారని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి కదా! ఆ నీటిని మేడమీది కుండీలలో పోయడం అప్పుడే అలవాటు చేసుకొన్నాను.

తయమ్ముం పాఠం జరుగుతుండగా ఒక విద్యార్థి, "ఉస్తాద్, మట్టి శుద్ధమైనదే అయితే దుమ్ముకు ఇంత భయమెందుకు?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేల మీది మట్టి వేరు, పరుపులోని దుమ్ము వేరు అని చెప్పాను. మన ఒంటి నుండి రాలే చర్మపు పొట్టును తిని బతికే, కంటికి ఆనని పురుగులు ఆ దుమ్ములో ఉంటాయి. ఇంటి దుమ్ము వల్ల కలిగే ఎలర్జీకి అవే మూలమని నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు 1964లో వెల్లడించారు. వాటి విసర్జనే ఊపిరికి శత్రువు. దుప్పట్లు, గలీబులు వారానికొకసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే అవి చస్తాయి. ఆ పనికి యంత్రమే అక్కరలేదు.

రెండు నెలలు గడిచాయి. నేల మెరిసింది, తివాచీ రంగు తేలింది. రాత్రి ఆయాసం మాత్రం తగ్గలేదు. ఒక సాయంత్రం మా అమ్మాయి వచ్చి, నేను పుస్తకాల వరుసల మీద గొట్టం నడుపుతుండగా కాసేపు చూసింది.

"అబ్బా, ఇది అమ్మీ కోసం కొన్నారా, పుస్తకాల కోసం కొన్నారా?"

జవాబు చెప్పలేకపోయాను. యంత్రం ఉంటే పుస్తకాలను కదపనక్కరలేదన్న ఆశతోనే అంత డబ్బు పోశానని ఆ క్షణంలో తెలిసింది. యంత్రాన్ని ఆపి ఆమె వైపు చూశాను. ఆమె ఎప్పటిలాగే, "పోనీలే బేటీ, అబ్బాకు అవే ప్రాణం" అన్నది. ఆ మాట పూర్తి చేయడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది.

ఆ శుక్రవారం జుమా తరువాత ఇద్దరు విద్యార్థుల సాయంతో పుస్తకాలన్నీ దించాను. సగం మదరసా గ్రంథాలయానికి చేరాయి. మిగిలినవి ముందుగదిలో అద్దాల తలుపులున్న బీరువాలో ఉన్నాయి. తివాచీ చుట్టేశాను, పరుపుకు బిగువైన తొడుగు కుట్టించాను. తరువాత డాక్టరుగారిని కలిసి, ఆనాడు దాచిన సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు. ఇన్‌హేలర్ మాత్రం మానవద్దని, నేను ఊడ్చేటప్పుడు, యంత్రం నడిపేటప్పుడు ఆమె గదిలో ఉండకూడదని చెప్పారు. ఇప్పటికీ ఆమెకు ఆయాసం వస్తుంది, కానీ వారాలకు వారాలు రాని రోజులూ ఉన్నాయి. అల్‌హందులిల్లాహ్, ఈ మధ్య తహజ్జుద్‌కు ఆమెను నేనే లేపవలసి వస్తోంది.

ఆబిడ్స్‌కు వెళ్లడం మానలేదు. మొన్నటి ఆదివారం అరబీ వ్యాకరణం ఒకటి దొరికింది. మేడమీద దులిపి, తడిగుడ్డతో అట్ట తుడిచి, ఎండలో పెట్టాను. మూడు రోజులైనా అది అక్కడే ఉంది. లోపలికి తేవడానికి ఆమె ఇంకా అనుమతి ఇవ్వలేదు.